మూడో గెంతు

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కి తరలిపోయాక బేగంపేటలో మధ్యాహ్నాలు బాగా పొడుగయ్యాయి. అప్పుడు నేను అక్కడ ఒక హ్యాంగర్‌లో పని నేర్చుకుంటున్నాను. ఆ రోజు ఏ తేదీయో, గాలి ఎటు వీచిందో ఇప్పుడు చెప్పలేను. ఎండ మాత్రం మండిపోతోంది. ఒక సెస్నా 172 దిగుతోంది.

నడుపుతున్నది దాని యజమానే, నడివయసు మనిషి. ఆ విమానం గంటకి సుమారు 120 కిలోమీటర్ల వేగంతో రన్‌వే మీదికి రావాలి. ఆయన అంతకంటే జోరుగా వచ్చాడు. మొదట వెనక చక్రాలు ఆని, ఆ తర్వాత ముక్కు చక్రం మెల్లగా దిగాలి. ముక్కు చక్రమే ముందు కొట్టుకుంది. విమానం ఎగిరింది. ఆయన ముక్కుని కిందికి నొక్కాడు. ఈసారి ఇంకా ఎత్తుకి ఎగిరింది.

"పవర్ ఇయ్యి! పైకి పో!" అని మా సీనియర్ మెకానిక్ చాచా అరిచాడు, అంత దూరం వినబడదని తెలిసీ. ఫుల్ థ్రాటిల్ ఇచ్చి మళ్ళీ పైకి వెళ్ళిపోయే వీలు అప్పటికింకా ఉంది. మూడో గెంతుకి ముక్కు చక్రం కాలు విరిగింది.

పరిగెత్తాం. గుప్పున పెట్రోలు వాసన. ఇంజను కింద నీలం రంగు ఏవ్‌గ్యాస్ బొట్లు బొట్లుగా కారుతోంది. ఆయనకి దెబ్బలేం తగల్లేదు. ముఖం నాకు గుర్తు రాదు. చేతులు గుర్తున్నాయి, ఇంజను ఆగాక కూడా కంట్రోల్‌ని ముందుకే నెట్టి పట్టుకుని ఉన్నాయి. చాచా తలుపు తీసి, మాస్టర్ స్విచ్ ఆపి, "ఇగ వదులుండ్రి సార్, అయిపోయింది" అన్నాడు.

తర్వాత విప్పి చూస్తే ఫైర్‌వాల్ రేకు ముడతలు పడి ఉంది. ప్రొపెల్లర్ కొసలు రెండూ వంకర తిరిగాయి. ప్రొపెల్లర్ నేలకి తగిలిందంటే ఇంజను మొత్తం విప్పి క్రాంక్‌షాఫ్ట్‌లో పగుళ్ళేమైనా ఉన్నాయేమో చూడాల్సిందే. ఎంత వెతికినా పాత లోపం ఒక్కటీ దొరకలేదు. ఆ యంత్రం చివరిదాకా ఆయన చెప్పినట్టే విన్నది.

మొన్నీమధ్య శంషాబాద్‌లో దిగబోతున్న మా విమానం, రన్‌వే కనబడ్డాక, ఒక్కసారిగా మళ్ళీ పైకి లేచింది. "వీడికి దింపడం కూడా రాదా?" అని పక్క సీటాయన విసుక్కున్నాడు. నాకు ఒళ్ళు మండింది. బేగంపేట సంగతంతా ఆయనకి చెప్పాను. నేల అంత దగ్గరగా కనబడుతుంటే ఎలాగోలా దిగిపోదామనే ఎవరికైనా అనిపిస్తుంది. ఆ ఆశని కాదనుకోవడానికి గుండె ధైర్యం కావాలి. రెండోసారి నింపాదిగా దిగాం. బయటికి వస్తుంటే కాక్‌పిట్ తలుపు దగ్గర పైలట్ కనబడింది, చిన్నపిల్ల. ఆగి థాంక్స్ చెప్పాను.