రంగుల కింద దాగిన రాట్నం

చెక్కగుర్రానికి రంగు వేయడానికి ఎంతసేపు పడుతుంది? ఓ పూట? పోనీ, రెండు రోజులు? న్యూయార్క్‌లోని ఓ రంగులరాట్నానికి 48 గుర్రాలున్నాయి. వాటికి కొత్త రంగు వేయడం సంగతి తర్వాత... పాత రంగు తీయడానికే ఏళ్లు పట్టింది. కొన్న రోజు నుంచి మళ్లీ జనాన్ని ఎక్కించుకున్న రోజు దాకా లెక్కేస్తే, అక్షరాలా 27 ఏళ్లు!

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు న్యూయార్క్ చూడటానికి బయల్దేరితే లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్ అయ్యాక తప్పకుండా చూసేది బ్రూక్లిన్ బ్రిడ్జి. ఆ వంతెన దాటి బ్రూక్లిన్ వైపు నది ఒడ్డుకు దిగితే డంబో అనే పేట వస్తుంది. ఒకప్పుడు గోదాములు, ఫ్యాక్టరీలు ఉన్న చోటు. అక్కడ నీటి అంచున ఓ పెద్ద పారదర్శకమైన పెట్టె కనిపిస్తుంది. ఎడమవైపు బ్రూక్లిన్ బ్రిడ్జి, కుడివైపు మన్‌హటన్ బ్రిడ్జి, ఎదురుగా నదికి ఆవల ఆకాశహర్మ్యాలు. పెట్టెలో మాత్రం 1922 నాటి రాట్నం!

దాని పేరు జేన్స్ కెరొసెల్. ఎవరా జేన్? అది తెలియాలంటే ముందు ఒహాయో వెళ్లాలి.

ఉక్కు ఊరి ముచ్చట

ఒహాయో రాష్ట్రంలోని యంగ్స్‌టౌన్ ఉక్కు కర్మాగారాల ఊరు. అక్కడి ఐడోరా పార్కు 1899లో మొదలైంది. ట్రామ్ కంపెనీలు సెలవు రోజుల్లోనూ జనం బండెక్కాలని లైను చివర వినోద పార్కులు పెట్టే కాలమది. ఐడోరా కూడా అలా పుట్టిందే. 1922లో ఫిలడెల్ఫియా టొబాగన్ కంపెనీ తయారుచేసిన రాట్నం ఆ పార్కుకు చేరింది. 48 చెక్కగుర్రాలు, కూర్చుని తిరగడానికి రెండు రథాలు. వారమంతా కొలిమి వేడిలో పనిచేసిన కార్మికులు ఆదివారం పిల్లల్ని తీసుకొచ్చి ఎక్కించేవారు. తరం మారింది, ఆ పిల్లలే తమ పిల్లల్ని తెచ్చారు. 1975లో అమెరికా ప్రభుత్వ చారిత్రక స్థలాల జాబితాలో చోటు దక్కింది. ఆ గౌరవం పొందిన తొలి రాట్నం ఇదేనంటారు.

తర్వాత ఊరికి కష్టకాలం వచ్చింది. 1977 నుంచి ఉక్కు మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 1984 ఏప్రిల్‌లో పార్కులో మంటలు లేచి, పేరున్న రోలర్ కోస్టర్ దెబ్బతింది. ఆ ఏడాదే పార్కు మూసేశారు. అక్టోబరులో వేలం.

అప్పట్లో పాత రాట్నం మొత్తంగా కంటే ముక్కలుగానే ఎక్కువ ధర పలికేది. ఒక్కో గుర్రాన్నీ ఒక్కో కళాభిమాని కొనుక్కుని డ్రాయింగ్ రూములో నిలబెట్టుకోవడం ఫ్యాషన్. అలా ఎన్నో రాట్నాలు చెల్లాచెదురయ్యాయి. దీనికీ ఆ గతే పట్టేది. కానీ వేలానికి వచ్చిన ఓ జంట 3,85,000 డాలర్లు పెట్టి రాట్నాన్ని మొత్తంగా కొనేసింది. వాళ్లే డేవిడ్, జేన్ వాలెంటాస్. డంబోలో పాత భవనాలు కొని బాగుచేస్తున్న వ్యాపారి డేవిడ్. నది ఒడ్డున రాబోయే పార్కుకు ఓ ఆకర్షణ ఉండాలనుకున్నారు. జేన్ ఎస్టీ లాడర్ సంస్థలో ఆర్ట్ డైరెక్టర్‌గా పనిచేసినావిడ. రంగుల మధ్య పెరిగిన కన్ను ఆమెది.

ఒక్కో పొరా ఒలుస్తూ...

గుర్రాలు బ్రూక్లిన్ చేరాయి. చూస్తే... మొద్దుగా, మందంగా ఉన్నాయి.

ఎందుకంటే పార్కు వాళ్లకు ఇది కళాఖండం కాదు, రోజూ వాడే వస్తువు. చెప్పులు రాసుకుంటాయి, చేతులు మాసిపోతాయి, ఎండకు పెచ్చులు లేస్తాయి. సీజన్ మొదలయ్యే ముందు మళ్లీ మెరిసేలా ఓ చేయి రంగు కొట్టేస్తారు. మన తిరునాళ్ల రాట్నాలకూ ఏటా జరిగేది అదే. ఇలా 62 ఏళ్లు! జూలులో పాయపాయగా చెక్కిన గీతలు, కళ్లెం పట్టీల కట్లు, ముక్కుపుటాల నునుపు... అన్నీ రంగులో మునిగిపోయాయి.

గరుకు కాగితంతో రుద్దేస్తే? రసాయనం పూసి కడిగేస్తే? పని తొందరగా అయిపోతుంది. కానీ పై పొరలతో పాటు అడుగున ఉన్న మొదటి పొర కూడా పోతుంది. 1922లో ఆ గుర్రం ఏ రంగులో ఉందో చెప్పే సాక్ష్యం అదొక్కటే. అందుకే జేన్ చేతిలోకి తీసుకున్నది చిన్న కత్తి. కాగితాలు, అట్టలు కోయడానికి ఆర్టిస్టులు వాడే పదునైన బ్లేడు. దాంతో కొద్దికొద్దిగా గీకుతూ పైపొర తీయాలి, ఆగాలి, చూడాలి. కింద మరో రంగు. అదీ తీయాలి. అన్నిటికన్నా కింది పొర కనిపించగానే చేయి ఆపేయాలి.

అలా గీకుతుంటే అసలు రంగులు బయటపడ్డాయి. పట్టీల మీద మొదటి చిత్రకారుడు గీసిన డిజైన్లు కనిపించాయి. వాటిని ఫొటోలు తీసి, రంగులు సరిపోల్చి భద్రపరిచారు. ఆ తర్వాతే చెక్కకు మరమ్మతులు, కొత్త రంగు, బంగారు రేకు అద్దడం. సహాయకులున్నా, ఏళ్ల తరబడి ఈ పనిని వదలకుండా పట్టుకున్నది జేనే.

ఇక్కడో సందేహం రావచ్చు. గీకేసి మళ్లీ వేసింది కొత్త రంగే కదా, పాతదనం ఎక్కడ మిగిలినట్టు? నిజమే. కనిపించిన కాస్త పాత రంగునీ అలాగే ఉంచేయాలనే వాళ్లూ ఉన్నారు. మ్యూజియంలో పెట్టే గుర్రమైతే ఆ మాట సబబే. కానీ ఇది పిల్లలెక్కే గుర్రం. వందేళ్ల నాటి రంగు వాళ్ల బూట్ల కింద ఒక్క వేసవి కూడా నిలవదు. కాబట్టి రంగు కొత్తది, కానీ ఆ రంగు ఏదన్న నిర్ణయం మాత్రం 1922 నాటి చిత్రకారుడిది. 'నాకు ఈ నీలం బావుంటుంది' అనుకునే స్వేచ్ఛను జేన్ వదులుకున్నారు. రంగులు ఎంచడమే వృత్తిగా ఉన్న మనిషికి అది చిన్న త్యాగమేం కాదు.

ఎవరూ చూడని వైపు

రాట్నపు గుర్రానికి రెండు వైపులుంటాయి... రెండు వైపులా ఒకేలా ఉండవు! అమెరికాలో రాట్నాలు పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి. బయట నిలబడ్డవాళ్లకు గుర్రం కుడివైపే కనిపిస్తుంది. అందుకే నగిషీ అంతా అటే చెక్కేవారు. పూలు, కుచ్చులు, గాలికి ఎగిరే జూలు అన్నీ కుడివైపు. ఎడమవైపు సాదాసీదా. అలాగే బయటి వరుస గుర్రాలు పెద్దవి, ముస్తాబు ఎక్కువ. లోపలి వరుసలకు వెళ్లేకొద్దీ ఆర్భాటం తగ్గుతుంది.

బాగుచేసేవాళ్లకు ఇదో పరీక్ష. ఖాళీగా ఉన్న ఎడమవైపు కూడా నాలుగు పూలు పెడదామనిపిస్తుంది. పెడితే అందంగానే ఉంటుంది, కానీ అబద్ధమవుతుంది. ఎక్కడ శ్రమ పెట్టాలో, ఎక్కడ ఆదా చేయాలో తెలిసిన ఆనాటి పనివాడి లెక్క చెరిగిపోతుంది.

పైన యంత్రం కూడా అంతే ముఖ్యం. లోపలి గుర్రాలు పైకీ కిందికీ ఎగిరేది కింద ఉన్న స్ప్రింగుల వల్ల కాదు. నెత్తి మీద వంకీలు తిరిగిన ఇనుప కడ్డీలుంటాయి. మధ్య స్తంభం దగ్గర పళ్ల చక్రాలు వాటిని తిప్పుతుంటే, వాటికి వేలాడే గుర్రాలు లేస్తూ దిగుతూ ఉంటాయి. ఆ కదలిక తేడా వస్తే రంగు ఎంత అచ్చంగా ఉన్నా ఎక్కినవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

కొత్త ఇల్లు... తుపాను రాత్రి

నది ఒడ్డున పార్కు ఏర్పాటు కావడం ఏళ్లు ఏళ్లు సాగింది. చివరికి జేన్ దంపతులు రాట్నాన్ని బ్రూక్లిన్ బ్రిడ్జి పార్కుకు కానుకగా ఇచ్చారు. దాని కోసం ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ జాన్ నూవెల్ 72 అడుగుల నలుచదరపు మందిరం రూపొందించారు. పాత కాలపు మండపాన్ని అనుకరించే ప్రయత్నమే చేయలేదు. గోడలు పారదర్శకమైన యాక్రిలిక్. పాతది పాతదిగా, కొత్తది కొత్తదిగా... ఏది ఏదో చూసేవాళ్లకు స్పష్టంగా తెలిసిపోతుంది. 2011 సెప్టెంబరు 16న రాట్నం మళ్లీ తిరిగింది. అప్పట్లో టికెట్ 2 డాలర్లు.

ఏడాది గడిచిందో లేదో 2012 అక్టోబరు 29న శాండీ తుపాను వచ్చింది. ఈస్ట్ రివర్ పొంగి మందిరాన్ని చుట్టుముట్టింది. చుట్టూ చీకటి, నల్లటి నీళ్లు... మధ్యలో వెలుగుతున్న రాట్నం. ఆ రాత్రి ఫొటో ఎంతోమందిని కదిలించింది. అన్నేళ్ల పనీ ఒక్క రాత్రిలో పోయిందనుకున్నారు. కానీ గుర్రాలు బతికి బయటపడ్డాయి. మరమ్మతుల తర్వాత మళ్లీ పరుగందుకున్నాయి.

జేన్ 2020లో కన్నుమూశారు. యంగ్స్‌టౌన్‌కు మాత్రం తన రాట్నం తిరిగి రాలేదు. అక్కడ ఐడోరాలో మిగిలిన డ్యాన్స్ హాలు కూడా 2001లో కాలిపోయింది. ఊరు పోగొట్టుకున్నదాన్ని ఏ కత్తీ గీకి తీయలేదు. అయితే చిన్నప్పుడు ఐడోరాలో గుర్రమెక్కిన పెద్దాయన ఎవరైనా ఈ మందిరంలోకి అడుగుపెడితే ఆయనకో వింత ఎదురవుతుంది. తాను ఎక్కిన గుర్రమే, కానీ తాను ఎప్పుడూ చూడని రంగుల్లో! అవి తన తాత చూసిన రంగులు.

వెళ్లాలంటే: న్యూయార్క్ సబ్‌వేలో ఎఫ్ రైలెక్కితే యార్క్ స్ట్రీట్‌లో, ఏ లేదా సీ రైలెక్కితే హై స్ట్రీట్‌లో దిగాలి. అక్కడి నుంచి నది ఒడ్డుకు నడకే. ఎక్కే ముందు ఒక్క నిమిషం ఆగి, బయటి వరుస గుర్రాన్ని రెండు వైపులా చూడండి. తేడా మీకే తెలుస్తుంది.