పత్తికాయలో పురుగు, పడుగులో గంజి

మా పడమటి కర్నూలు ప్రాంతంలో బైపీసీ చదివిన పిల్లలకు రెండే గతులని ఒక నమ్మకం: వైద్యవిద్యలో సీటు, లేకుంటే ఓటమి. సీటు రానివారు బీయస్సీలో చేరేనాటికే, తాము మిగిలిపోయినవారమన్న భావంతో తల వంచుకొని కూర్చుంటారు. ఆదోనిలోని ఒక కళాశాలవారు, కొత్తగా చేరినవారికి జీవశాస్త్ర పరిశోధన అంటే ఏమిటో, దానివల్ల కలిగే బ్రతుకుతెరువు ఏమిటో చెప్పమని నన్ను పిలిచారు. ఆ గంటన్నరలో నేను చెప్పినదీ విన్నదీ మీతో పంచుకోవాలని ఈ టపా.

ఇటువంటి ప్రసంగాలను డీఎన్ఏ మెలికల బొమ్మతో మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను పత్తికాయతో మొదలుపెట్టాను. ఆదోని మార్కెట్ యార్డు పత్తికి పేరుపొందినది. ఎదుట కూర్చున్నవారిలో చాలామంది పత్తిరైతుల బిడ్డలు. గులాబీరంగు పురుగు పేరెత్తగానే వెనుక వరుసలో ఒక అబ్బాయి లేచాడు.

"సార్, పురుగును చూసేదానికి ఇంత చదువు కావల్లా? మా నాయన రోజూ చూస్తాంటాడు."

అందరూ నవ్వారు. కానీ ఆనాటి ప్రశ్నలలో అదే మేలైనది. గుడ్డిపువ్వు కనబడితే లోపల పురుగున్నదని వాళ్ళ నాయనకు తెలుసు. అయితే 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చిన తరువాత తగ్గిన ఆ పురుగు మళ్ళీ ఎందుకు పెచ్చరిల్లింది? 2006లో రెండు జన్యువులతో వచ్చిన విత్తనాన్ని సైతం ఎట్లా తట్టుకొన్నది? విషానికి లొంగని పురుగులు ఏ కొన్నో ఉంటాయి. మిగిలినవన్నీ చస్తే, సంతానమంతా ఆ కొన్నింటిదే. చేను చుట్టూ బీటీ కాని పత్తి కొన్ని వరుసలు వేస్తే, అక్కడ బ్రతికిన మామూలు పురుగులతో ఇవి జతకట్టి, ఆ శక్తి త్వరగా స్థిరపడదు. విత్తనంతోపాటు వచ్చిన ఆ చిన్న పొట్లాన్ని నాటనివారే ఎక్కువ. డార్విను చెప్పిన ప్రకృతి వరణం ఎక్కడో గలపాగస్ దీవులలోనే కాదు, మన చేలలోనూ జరిగింది.

లింగాకర్షక బుట్టలో వరుసగా 3 రాత్రులు 8 చొప్పున రెక్కల పురుగులు పడితే నివారణకు పూనుకోవాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఎనిమిదే ఎందుకు? ఎవరో రాత్రి తరువాత రాత్రి బుట్టలు లెక్కపెట్టి, కాయలు చీల్చి చూసి, వ్రాసిపెట్టుకొన్నారు గనుక. చూడటానికీ పరిశోధనకూ నడుమ ఉన్నది ఆ వ్రాసిపెట్టుకోవడమే.

ఎమ్మిగనూరునుండి వచ్చే పిల్లలలో చేనేత కుటుంబాలవారున్నారు. మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘంతో పేరుకెక్కిన ఊరది. పడుగుకు గంజి పెట్టడం వారికి తెలిసిన పనే. మిల్లులలో నేసిన గుడ్డనుండి ఆ గంజిని తొలగించడానికి అమైలేజ్ అనే ఎంజైమును వాడతారు. దానిని బాసిల్లస్ ప్రజాతికి చెందిన బాక్టీరియానుండి తయారుచేస్తారు. బీటీలోని 'బీ' కూడా బాసిల్లసే. ఆదోని చేనికీ, మిల్లు గుడ్డకూ ఒకే ఇంటిపేరు గల సూక్ష్మజీవులు పనిచేస్తున్నాయనగానే వంచిన తలలు కొన్ని లేచాయి.

ఆపైన బ్రతుకుతెరువు మాట. ఇక్కడ తీపిమాటలు చెప్పడం సులభం, న్యాయం కాదు. బోర్డుమీద ఏళ్ళూ రూపాయలూ వేశాను. బీయస్సీ 3 ఏళ్ళు, ఎమ్మెస్సీ 2, పీహెచ్‌డీ 5 లేక 6. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ గెలిస్తే, 2023 జనవరినుండి అమలైన లెక్కన నెలకు 37,000. చివరికి ఆచార్య పదవులు కొన్నే, పోటీపడేవారు ఎందరో. హైదరాబాదు జీనోమ్ వ్యాలీలోని టీకా, ఔషధ సంస్థలు, విత్తన పరీక్షాశాలలు, ఉపాధ్యాయ వృత్తి పక్కదారులు. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి, వేసవిలో ప్రయోగశాలలో పనిచేసేందుకు విద్యార్థులకు ఫెలోషిప్పులిస్తాయన్న సంగతి ఆ గదిలో ఒక్కరికీ తెలియదు.

అప్పుడు కోసిగి వైపునుండి వచ్చిన ఒక అమ్మాయి లేచింది. ఏటా మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబం.

"పదేండ్లా సార్? మా ఇంట్లో మూడేండ్లకే కష్టంగా ఒప్పుకున్యారు."

"పదేళ్ళు అడగకమ్మా. ముందు ఐదేళ్ళు అడుగు. ఆరో ఏట పరీక్ష గెలిస్తే చదువే జీతమిస్తుంది, ఇంటికి కూడా పంపవచ్చు."

"గెలవకపోతే?"

"ఎమ్మెస్సీ చేతిలో ఉంటుంది. దానితో వెతుక్కోవలసినది ఉద్యోగమే, పెళ్ళికొడుకును కాదు."

ఆమె నవ్వలేదు. బోర్డుమీది అంకెలను మాత్రం ఒక్కటీ వదలక వ్రాసుకొన్నది. ఇంట్లో చూపడానికి కాబోలు.

జంతుశాస్త్రం చెప్పే మేడమ్‌గారు ఆ వారమే రైతులనడిగి ఐదు చేలలో బుట్టలు కట్టించారు. పిల్లలు వంతులవారీగా లెక్కపెట్టి వ్రాస్తున్నారు.

మిత్రులారా, మీలో ప్రయోగశాలలలో పనిచేసేవారున్నారు. సెలవులకు ఊరికి వచ్చినప్పుడు దగ్గరలోని డిగ్రీ కళాశాలకు ఒక పూట వెళ్ళండి. రంగుల బొమ్మలు అక్కరలేదు. మీకు ఎన్నేళ్ళు పట్టిందో, ఆ ఏళ్ళు ఇల్లెట్లా గడిచిందో చెప్పండి. ఈ పిల్లలకు ఆ మాట చెప్పగలవారు ఇంట్లో ఎవరూ లేరు.