ఆదివారం మా ముగ్గురి పని

ఆదివారం మధ్యాహ్నం మీరు ముగ్గురూ ఎక్కడికి పోతున్నార్రా అని పక్క రూములవాళ్ళంతా అడుగుతున్నారు. పార్ట్ టైం పని దొరికి మాకు చెప్పకుండా దాస్తున్నారని కొందరి అనుమానం. పని దొరికిన మాట నిజమే, జీతమే లేదు. ఆ సంగతి చెప్దామనే ఈ పెద్ద పోస్ట్.

కౌలాలంపూర్‌లో సెలయాంగ్ హోల్‌సేల్ మార్కెట్ మీకు తెలుసు కదా. ఆ చుట్టుపక్కల రోహింగ్యా కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ కూరగాయల బుట్టలు మోసే ఒకాయన ఒకరోజు మమ్మల్ని ఆపి, ఇంగ్లీషులో ఉన్న ఆసుపత్రి కాగితం చేతిలో పెట్టి చదివిపెట్టమన్నాడు. ఆయన భార్య గర్భవతి. మేం ముగ్గురం తలలు కలిపి చదివితే తేలిందేమిటంటే, డాక్టరు రమ్మన్న రోజు నిన్ననే అయిపోయింది. ఆయన మొహం చూడలేకపోయాం. మనం మాత్రం తక్కువ తిన్నామా? ఊళ్ళో ఏజెంటు ముందు కూర్చుని, ఇంగ్లీషు కాగితం మీద చదవకుండా సంతకం పెట్టి వచ్చినవాళ్ళమే కదా.

ఆయనే తర్వాతి వారం మమ్మల్ని ఒక షాపు మీది గదికి తీసుకెళ్ళాడు. ఈ దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో చేరలేదు. యూఎన్ కార్డు ఉన్నా ఆ పిల్లల్ని ప్రభుత్వ బడిలో చేర్చుకోరు. పెద్దవాళ్ళు పనిచేసే హక్కు లేకుండానే ఇన్నేళ్ళుగా దొరికిన పని చేసుకుంటున్నారు. అందుకే వాళ్ళే అద్దె కట్టుకుని ఆ గదిలో చదువు చెప్పించుకుంటున్నారు. ఆదివారం ఇంగ్లీషు చెప్పడానికి ఎవరూ లేరు, మీరు రాగలరా అని అడిగారు.

మా ఇంగ్లీషు సంగతి మీకు తెలియనిదా! మాలో ఒకడు ఇంటర్ తప్పాడు, ఒకడిది ఐటీఐ, ఒకడు డిగ్రీ మధ్యలో వదిలేశాడు. అయినా సరేనన్నాం.

మొదటి రోజే పరువు పోయింది. ఏ బీ సీ డీ మొదలుపెడితే పిల్లలు నవ్వారు, అది వాళ్ళకి ఎప్పుడో వచ్చు. బుధవారం స్పెల్లింగ్ బోర్డు మీద మేం తప్పు రాస్తే పదేళ్ళ పాప లేచి సరిచేసింది. ఆ రోజు నుంచి శనివారం రాత్రి మేం కూర్చుని చదువుకుంటున్నాం. పుస్తకం పక్కన పెట్టి అవసరమైనవే చెప్తున్నాం: తేదీ చదవడం, మందు సీసా మీద ఎన్నిసార్లు వేసుకోవాలో చూడడం, ఎక్కడ నొప్పో చెప్పడం, ఫోన్లో అడ్రస్ చెప్పడం. నీళ్ళని వాళ్ళ భాషలో ‘ఫానీ’ అంటారు. మనకి వచ్చిన నాలుగు హిందీ ముక్కలు కూడా అక్కడ పనికొచ్చాయి. పిల్లలు మమ్మల్ని ‘చిక్‌గు’ అంటారు, మలయ్‌లో మాస్టారు అని. రోజంతా ‘ఏయ్’ అనిపించుకునే మనకి ఆ మాట ఎంత బాగుంటుందో చెప్పక్కర్లేదు.

లాభం ఇంకొకటి ఉంది. మాలో ఒకడి జీతం స్లిప్పులో రెండు నెలల ఓవర్‌టైం తక్కువ పడింది. ఇదివరకైతే నోరు మూసుకుని ఊరుకునేవాళ్ళం. ఈసారి వాడు స్లిప్పు పట్టుకెళ్ళి లైను లైనూ చదివి, ఇంగ్లీషులో అడిగాడు. ఒక నెలది వచ్చింది. రెండోది ఇంకా అడుగుతూనే ఉన్నాం.

ఒక ఆదివారం మాత్రం మేం తప్పు చేశాం. ‘నేను ఇంటికి వెళ్తాను’ అన్న వాక్యం బోర్డు మీద రాసి, ఎవరు ఎప్పుడు వెళ్తారో చెప్పమన్నాం. పర్మిట్ ఎప్పుడు అయిపోతుంది, టికెట్ ఎప్పుడు కొనాలి అని రోజులు లెక్కపెట్టుకునే బతుకులు కదా మనవి, అలవాటుగా వచ్చేసింది. గదిలో ఎవరూ పలకలేదు. చివరికి ఒక పిల్లాడు, ‘చిక్‌గు, ఏ ఇల్లు?’ అన్నాడు. వాడు పుట్టింది ఇక్కడే. వాళ్ళ నాన్న ఊరు రఖైన్‌లో. 1982 చట్టం వచ్చాక వాళ్ళని అక్కడి పౌరులుగా లెక్కలోకి తీసుకోలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మాలో ఒకడి ముత్తాత శ్రీకాకుళం నుంచి రంగం పోయి ఓడరేవులో మూటలు మోశాడు. మన పెద్దోళ్ళు రంగూన్‌ని రంగం అనేవాళ్ళు. 1942లో జపానోళ్ళు వచ్చిపడితే లక్షలమంది మనదేశం వాళ్ళు నడుచుకుంటూ బయటపడ్డారు. వాళ్ళలో చాలామంది అరకాన్ దారిన వచ్చారు. ఆ అరకానే ఇప్పటి రఖైన్. ముత్తాత ఏ దారిన వచ్చాడో ఇంట్లో ఎవరికీ తెలీదు. కానీ తిరిగి రావడానికి ఆయనకొక ఊరుంది. ఈ పిల్లలకి అదే లేదు.

తర్వాతి వారం ఆ వాక్యం చెరిపేసి, ‘మా ఇల్లు మార్కెట్ వెనక ఉంది’ అని రాయించాం. అందరూ గట్టిగా చదివారు.

ఫోటోలు ఏవిరా అని అడగొద్దు. ఆ పిల్లల మొహాలు బయట పెట్టకూడదు, వాళ్ళ భద్రత ముఖ్యం. ఎవరికైనా చెప్పాలనుంటే రండి. పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. కానీ రెండు వారాలు వచ్చి మానేసేటట్టయితే రావొద్దు, వాళ్ళని వదిలేసి పోయినవాళ్ళు ఇప్పటికే చాలామంది.

ఆ కాగితం ఆయనకి కూతురు పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు. మొన్న టీకా కాగితం తెచ్చి, మాకు ఇవ్వకుండా తనే వేలు పెట్టి తేదీ చదివాడు. కరెక్ట్‌గానే చదివాడు.