ఆరు కుర్తాలు, ఒక్కటే రంగు

మగవాడు రోజూ ఒకే రకం బట్టలు వేసుకుంటే దానికి మన భాషలో మంచి మంచి మాటలున్నాయి. నిరాడంబరుడంటాం, సాదాసీదా మనిషంటాం, కాస్త పేరున్నవాడైతే ఋషిలాంటివాడని కూడా అంటాం. అదే పని ఆడది చేస్తే మెచ్చుకోళ్ళుండవు, ప్రశ్నలుంటాయి. ‘ఒంట్లో బాగుండడం లేదా?’, ‘ఇంట్లో ఏమైనా గొడవా?’, ‘ఏం మొక్కుకున్నావు?’ నాలుగేళ్ళుగా ఈ మూడు ప్రశ్నలూ వంతులవారీగా వింటున్నాను. అందుకే ఈ నాలుగు మాటలూ రాయాలనిపించింది.

ముందు నా బట్టల లెక్క చెప్పేస్తాను. ఆరు కుర్తాలు. అన్నీ మంగళగిరి నూలువే, అన్నీ ముదురు నీలమే, సన్నటి నిజాం అంచు. మోకాళ్ళు దాటిన పొడవు, ముప్పాతిక చేతులు, రెండు పక్కలా లోతైన జేబులు. వాటి కిందికి నాలుగు తెల్ల కాటన్ ప్యాంట్లు. లైబ్రరీకీ, క్లాసుకీ, సెమినార్‌కీ, బ్యాంకుకీ, కూరగాయలకీ అన్నిటికీ అవే. పెళ్ళిళ్ళూ పండగలూ మాత్రం వేరు. వాటి సంగతి తర్వాత చెబుతాను.

పిహెచ్‌డి అయ్యాక మూడేళ్ళు ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పాను. అక్కడ ఆడ లెక్చరర్లు చీర కట్టుకుని తీరాలి. మగ లెక్చరర్లకి ఏ నియమమూ లేదు. వర్షాకాలంలో రెండు బస్సులు మారి, తడిసిన కుచ్చిళ్ళతో మూడంతస్తులు ఎక్కి, ఎనిమిదింటి క్లాసులో స్త్రీవాద సాహిత్య విమర్శ చెప్పేదాన్ని. చీర అంటే నాకు ఇష్టమే. ఇష్టాన్ని హాజరుపట్టీలో భాగం చేస్తే ఏమవుతుందో అక్కడే తెలిసింది. కేరళ ఉన్నత విద్యాశాఖ 2021లో అధ్యాపకురాళ్ళను చీరే కట్టుకోమని ఒత్తిడి చేయకూడదని ఆదేశం ఇవ్వాల్సి వచ్చిందంటే, ఈ రూలు ఒక్క మా కాలేజీ గోడల మధ్యే లేదన్న మాట.

ఆ ఉద్యోగం మానేసి పరిశోధన ప్రాజెక్టులో చేరాక ఏ నియమమూ లేదు. నియమం పోయింది కాబట్టి బీరువా ముందు నిలబడ్డం తగ్గాలి కదా? అది ఇంకా పెరిగింది. పోచంపల్లి కడితే ‘మేధావి’, చుడీదార్ వేస్తే ‘స్టూడెంటా?’, జీన్స్ వేస్తే ‘ఈ కాలం పిల్ల’, జరీ ఉంటే ‘ఈమెకి సీరియస్‌నెస్ లేదు’. పొద్దున్నే ఇరవై నిమిషాలు నేను బట్టలు ఎంచుకోవడం లేదు, ఆ రోజు నన్ను ఎవరెవరు చూస్తారో, ఏమేం అనుకుంటారో ముందే ఊహించుకుని జవాబులు సిద్ధం చేసుకుంటున్నాను. ఒకసారి జాతీయ సదస్సులో ఆర్నెల్లు కష్టపడ్డ పేపర్ చదివి వేదిక దిగాను. మొట్టమొదటి స్పందన ఒక సీనియర్ ఆచార్యుడి నుంచి: ‘చీర చాలా బావుందమ్మా, గద్వాలా?’ పేపర్ గురించి రెండో మాట లేదు. నాకంటే ముందు చదివిన అబ్బాయి చొక్కా ఎక్కడిదని ఆయన అడగలేదు.

అలా మొదలైంది. మంగళగిరి బట్ట తాను తెచ్చి, ఒకే కొలతలకి ఆరు కుట్టమని టైలర్‌కిచ్చాను. ఆయన ఆరూ ఒకటే అంటే ఆశ్చర్యపోలేదు, ఏ ఆఫీసు యూనిఫారమో అనుకున్నాడు. జేబులు అనేసరికి మాత్రం ఒప్పుకోలేదు. ‘ఆడోళ్ళ కుర్తాకి జేబులెందుకమ్మా, షేపు పోతుంది’ అన్నాడు. షేపు పోతే పోనీ, బస్సు పాసూ తాళం చెవీ పెట్టుకోడానికి చోటు కావాలన్నాను. మన బట్టలు మన చేతులకి పనికొచ్చేలా కాకుండా ఇంకెవరి కళ్ళకో పనికొచ్చేలా కుడుతున్నారన్న మాట ఎన్ని వ్యాసాల్లో చదివానో! కత్తెర పట్టుకున్న మనిషి నోట అంత సూటిగా విన్నది అదే మొదలు.

రోజూ ఒకే దుస్తులంటే ఈ మధ్య అందరూ స్టీవ్ జాబ్స్ నల్ల టర్టిల్‌నెక్ గురించి చెబుతారు. ఒబామా 2012లో ఒక పత్రికతో మాట్లాడుతూ తాను బూడిదరంగు లేదా నీలిరంగు సూట్లే వేసుకుంటానని, తీసుకోవలసిన నిర్ణయాలు చాలా ఉన్నాయి కాబట్టి తిండి, బట్టల నిర్ణయాలు తగ్గించుకుంటానని చెప్పాడు. బాగానే ఉంది. ఆ సూట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, వేళకి అందేలా చూసే చేతుల గురించి మాత్రం ఆ కథల్లో ఎవరూ చెప్పరు. మన ఇళ్ళల్లో తెల్ల పంచె, తెల్ల లాల్చీ తప్ప వేసుకోని తాతయ్యలు ఎందరో. ఆ తెలుపు కోసం నీలిమందు కలిపి, గంజి పెట్టి, ఆరేసి, మడతపెట్టిన అమ్మమ్మలకి నిరాడంబరత బిరుదు ఎవరూ ఇవ్వలేదు.

ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఆస్ట్రేలియాది. కార్ల్ స్టెఫానోవిచ్ అనే టీవీ వ్యాఖ్యాత ఏడాది పాటు దాదాపు ప్రతిరోజూ ఒకే నీలం సూటు వేసుకుని కార్యక్రమం నడిపి, 2014లో ఆ సంగతి తనే బయటపెట్టాడు. అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. ఆయన పక్కనే కూర్చునే లీసా విల్కిన్సన్ బట్టల మీద మాత్రం ప్రేక్షకుల నుంచి విమర్శలు వస్తూనే ఉండేవి. అది చూసే ఆయన ఈ పని చేశాడు. మరుసటి ఏడాది, 2015లో, న్యూయార్క్‌లో ఆర్ట్ డైరెక్టర్‌గా పనిచేసే మటిల్డా కాల్ తాను ఆఫీసుకి రోజూ తెల్ల పట్టు చొక్కా, నల్ల ప్యాంటే ఎందుకు వేసుకుంటోందో రాస్తే అది ప్రపంచమంతా చర్చయింది. మగవాడి విషయంలో ఒక్కరి కంటా పడనిది ఆడమనిషి విషయంలో వివరణ ఇచ్చుకోవలసిన సంగతి అయింది.

మన దగ్గర ఆ వివరణ దైవసంబంధమైనదైతే ఏ ఇబ్బందీ ఉండదు. కార్తీకమాసం వచ్చిందంటే నలుపో నీలమో కట్టుకున్న అయ్యప్ప స్వాములు నలభై ఒక్క రోజులు ఆఫీసులకి, బ్యాంకులకి, పోలీస్ స్టేషన్లకి కూడా అవే బట్టల్లో వస్తారు. పైఅధికారి కూడా ‘స్వామీ’ అంటాడు. ఎర్రబట్టల భవానీలదీ అదే మర్యాద. నన్నూ ఒక ఆటో అబ్బాయి అద్దంలోంచి చూసి ‘ఏ దీక్షమ్మా?’ అని అడిగాడు. ‘ఏ దీక్షా లేదు బాబూ, నా ఇష్టం’ అన్నాను. పాపం అతనికి అర్థం కాలేదు. దేవుడి కోసమైతే సరే, మొగుడు పోయినందుకైతే సరే, నీ ఇష్టం కోసమంటే ఎలా?

మొగుడు పోవడం అన్నాను కదా, అసలు సంగతి అక్కడే ఉంది. ఒకే రంగు రోజూ కట్టడం తెలుగు ఆడవాళ్ళకి కొత్త కాదు. బ్రాహ్మణ, ఇంకా కొన్ని పైకులాల ఇళ్ళల్లో వితంతువులు బతికినన్నాళ్ళూ ఒకే రంగులో బతికారు. మారుమనువు ఆచారమున్న కులాల స్త్రీలకి ఈ శిక్ష ఇంత కఠినంగా లేదు. 1881 డిసెంబర్‌లో రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. అదే 1881లో లండన్‌లో రేషనల్ డ్రెస్ సొసైటీ పుట్టింది. ఆడవాళ్ళ లోదుస్తుల బరువు ఏడు పౌండ్లు, అంటే మూడు కిలోల పైచిలుకు, మించకూడదన్నది వాళ్ళ డిమాండ్. అక్కడ ఒంటిమీద మోయలేనంత బట్ట, ఇక్కడ రవికె కూడా దక్కని తెల్ల గుడ్డ. రెండు చోట్లా తన ఒంటిమీద ఏముండాలో నిర్ణయించింది ఆమె కాదు.

మా చిన్నమ్మమ్మ పందొమ్మిదో ఏట వితంతువైంది. ఆమె తరానికి గుండు తప్పింది గానీ తెల్లచీర తప్పలేదు. యాభై ఏళ్ళకి పైగా కట్టింది. నా నీలం కుర్తాలు మొదలైన ఏడాది మా అమ్మ తెనాలి నుంచి వచ్చి పదిరోజులుంది. ఐదో రోజు పొద్దున నేను చెప్పులేసుకుంటుంటే అంది: ‘ఒసే, మా పిన్నిలాగా రోజూ ఒకటే గుడ్డేంటే? చూడలేకపోతున్నానే తల్లీ.’ వాదించడానికి నా దగ్గర చాలా సిద్ధాంతాలున్నాయి. కానీ అమ్మ వాదనకి దిగలేదు, భయపడింది. ఆమె కళ్ళకి రంగుల్లేని ఆడమనిషి అంటే ఒక్కటే అర్థం.

ఆ రాత్రి అమ్మ చిన్నమ్మమ్మ గురించి నాకు తెలియని సంగతొకటి చెప్పింది. చిన్నమ్మమ్మకి నాలుగు తెల్లచీరలుండేవట. ప్రతి చీరకీ లోపలి అంచు మూల ఒక్కో రంగు దారంతో చిన్న కుట్టు వేసుకునేదట. ఒకదానికి ఎరుపు, ఒకదానికి ఆకుపచ్చ, ఒకదానికి పసుపు, ఒకదానికి వంకాయరంగు. ఎవరైనా అడిగితే చాకలి గుర్తు అనేదట. అమ్మ చిన్నప్పుడు ఆమె పక్కన పడుకుని అడిగేదట, ‘పిన్నీ, ఇవాళ ఏ రంగు కట్టావు?’ అని. ఆమె నవ్వి ‘పచ్చది’ అనేదట. చూసేవాళ్ళకి ఒకటే తెలుపు, ఆమెకి మాత్రం నాలుగు చీరలు.

ఆ సంగతి విన్నాక నా ఆరు కుర్తాల్ని ఆమె నాలుగు చీరల పక్కన పెట్టి చూడకుండా ఉండలేకపోయాను. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. నేను రేపు పొద్దున మామిడిపండు రంగు వేసుకుని బయటికెళితే నా జీతం ఆగదు, నాకు కూడు పెట్టడం ఎవరూ మానరు, శుభకార్యానికి ఎదురొచ్చానని తిట్టరు. ఆమె ఆ పచ్చదారం అరంగుళం పొడుగు కుట్టినా ఊరంతా అడిగేది. మానేయగలిగే వీలుంటేనే ఏ పనికైనా ఇష్టమన్న పేరు చెల్లుతుంది. చీర తప్పనిసరన్న కాలేజీని నేనెందుకు క్షమించలేకపోయానో, అదే చీరని పెళ్ళిలో ఎందుకు ప్రేమగా కట్టుకోగలనో దీన్నిబట్టే నాకు తేటపడింది.

ఈ వీలు అందరికీ సమానంగా లేదని మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడ తేల్చి చెప్పింది. పాలమూరు వైపు నుంచి వచ్చి మా బస్తీలో ఉంటోంది. ఆరేసిన కుర్తాలు తీస్తూ ఒకరోజు లెక్కపెట్టి అంది: ‘అక్కా, నీకు ఆరున్నయ్, ఒక్కటే ఉన్నట్టు తిరుగుతవ్. నాకు మూడే చీరలు, పదున్నట్టు కనబడాలె. నిన్న కట్టిందే ఇయ్యాల కడితే నాలుగిండ్లల్ల నన్ను చూసే తీరే వేరే ఉంటది.’ 1927లో మహద్‌లో అంబేద్కర్ దళిత స్త్రీలతో మాట్లాడుతూ, చూడగానే అంటరానివాళ్ళని గుర్తుపట్టే కట్టు మానేసి, పైకులాల స్త్రీలలాగా పాదాల దాకా చీర కట్టుకోమన్నారు. మంచి బట్ట కట్టుకోవడమే ధిక్కారమైన చరిత్ర అది. అలాంటి చరిత్ర ఉన్నచోట ‘బట్టలదేముంది, సింపుల్‌గా ఉండాలి’ అని నేను ఎవరికీ ప్రవచనం చెప్పలేను. నా డాక్టరేటూ, నా కులమూ, నా ఇంగ్లీషూ ఆ వెలిసిన కుర్తా మీద కనిపించని జరీలా ఉంటాయి. వెలిసిన కుర్తాలోనూ నన్ను ‘మేడమ్’ అంటారు. అవన్నీ లేని మనిషికి చీరే ఆ పని చేసిపెట్టాలి.

కనుక ఇది ఉద్యమం కాదు. నా పొద్దుటి ఇరవై నిమిషాలు నాకు దక్కాయి, అంతే. ఆ ఇరవై నిమిషాల్లో చదివిన పేజీలు నా రెండో పుస్తకంలో ఒక అధ్యాయమయ్యాయి. ఇక ఆ సదస్సుల్లో, మూడోసారి కూడా అదే నీలం కుర్తాలో కనిపించాక, బట్టల గురించి అనడానికి ఏమీ మిగలక కొందరు పేపర్ గురించి మాట్లాడ్డం మొదలుపెట్టారు. వాళ్ళు మారిపోయారని నేననుకోవడం లేదు. వేరే దారి లేకపోయింది.

అమ్మతో కుదిరిన ఒప్పందం ఇది: సంక్రాంతికీ, పెళ్ళిళ్ళకీ ఆమె బీరువాలోంచి చీర తీసిస్తే మారుమాట లేకుండా కట్టుకుంటాను. కిందటేడు చెల్లెలి పెళ్ళిలో ఆమె వెంకటగిరి చీర కట్టుకున్నాను. ఆ చీర ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో, ఆ రోజు ఎవరు అలిగారో గంటసేపు చెప్పింది. ఆడవాళ్ళకి ఆస్తి రాయని ఇళ్ళల్లో ఈ చీరలే వాళ్ళ పేరుమీద ఉన్న కాగితాలు. వాటిని సింపుల్ జీవితం పేరుతో కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు.

నాలుగేళ్ళకి రెండు కుర్తాలు భుజాల దగ్గర వెలిశాయి, ఒకటి జేబు దగ్గర చిరిగింది. మళ్ళీ తాను తేవాలి. ఈసారి కూడా నీలమేనా అని నన్ను నేనే అడుగుతున్నాను, ఇంకా తేల్చుకోలేదు. ఆరింటినీ లోపల తిప్పి ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కుట్టాను. ఇవాళ్టిది వంకాయరంగుది.

మొన్న క్లాసయ్యాక ముగ్గురు ఎం.ఏ. అమ్మాయిలు వచ్చి నిలబడ్డారు. వ్యాసం గురించి అడుగుతారనుకున్నాను. ‘మేడమ్, ఆ జేబులు ఎక్కడ కుట్టించారు?’ అన్నారు. అడ్రసు రాసిచ్చాను. వాళ్ళు వెళ్ళిన రెండ్రోజులకి టైలర్ ఫోన్ చేశాడు: ‘మీ పిల్లలు వచ్చారమ్మా. ఒకామె జేబు ఇంకో రెండంగుళాలు లోతుండాలంటోంది. కుట్టమంటారా?’ కుట్టమన్నాను.