నిలువునా పైకి లాగాం

సముద్రంలో పడ్డ మనిషి డెక్కు మీద కాలు పెడితే ఇక గండం గడిచినట్టేనని చాలా ఏళ్లు నమ్మాను. సరుకు ఓడలో డాక్టరుండడు. సెకండ్ ఆఫీసర్‌గా మందుల పెట్టె, చిన్న ఆస్పత్రి గది నా బాధ్యతే. నా నమ్మకం తప్పయితే దిద్దేవాళ్లెవరూ లేరు.

జనవరి నెల. ఉత్తర బంగాళాఖాతంలో వేటబోటు తిరగబడి, రాత్రంతా ఖాళీ డబ్బాలు పట్టుకుని తేలిన మన తీరపు మత్స్యకారులు తెల్లవారాక మాకు కనిపించారు. రెస్క్యూ బోటు దించుదామా, నిచ్చెన వేద్దామా అని కెప్టెన్ అడిగితే, నిచ్చెనయితే త్వరగా అయిపోతుందన్నాను. కుర్రాళ్లు ఎక్కేశారు. పెద్దాయన ఎక్కలేకపోతే చంకల కింద తాడు కట్టి నిలువునా లాగాం. డెక్కు మీద నిలబడి, "బతికించారు బాబూ" అన్నాడు. మా ఓడ సిబ్బందిలో ఆ మాట అర్థమయింది నాకొక్కడికే. వేడి టీ ఇద్దామని మెస్సు వైపు నడిపించాను. నాలుగడుగులు వేశాడో లేదో, మోకాళ్లు మడుచుకుని కూలిపోయాడు. ఛాతీ నొక్కాం, నోట్లో ఊపిరి ఊదాం. బతకలేదు.

ఆ హడావుడిలో రేడియో మీద దొరికిన డాక్టరు మొదట అడిగింది, "పైకి ఎలా తెచ్చారు?" అని. ఎందుకడిగాడో అప్పుడు తెలియలేదు.

నీళ్లలో ఉన్నంతసేపూ నీటి ఒత్తిడి కాళ్లను చుట్టూ నొక్కి రక్తాన్ని గుండె వైపు నెడుతుంది. రక్తం ఎక్కువైందనుకుని శరీరం అందులోని నీటిని మూత్రంగా వదిలేస్తుంది. తాగడానికి మంచినీళ్లేమో ఉండవు. పైగా నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. రాత్రంతా నానితే మన సముద్రంలోనూ ఒళ్లు చల్లబడుతుంది. అలాంటి మనిషిని నిలువునా లేపితే ఆ నీటి ఆసరా ఒక్కసారిగా పోతుంది. రక్తం కాళ్లలోకి దిగిపోయి గుండెకు చాలదు. బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు ఫ్రాంక్ గోల్డెన్, ఆయన సహచరులు 1991లోనే దీని గురించి రాశారు: కాపాడబోయే ముందు, కాపాడుతుండగా, కాపాడాక కూడా మనిషి ఇలా కూలిపోవచ్చని.

వీలైనంతవరకూ పడుకున్నట్టే పైకి తీయాలని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ చలినీటి చేతిపుస్తకంలో ఉంది. అది మా బ్రిడ్జి మీద అలమారాలోనే ఉంది. బంగాళాఖాతానికి చలినీటి పుస్తకమెందుకని ఏనాడూ తెరవలేదు. నీళ్లలో ఉన్నవాళ్లను పైకి తీసే ప్రణాళిక ప్రతి ఓడకూ ఉండాలని 2014 జులై నుంచి సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణ ఒప్పందం) నియమం కూడా ఉంది. మా ఫైల్లో ఆ కాగితమూ ఉంది, దాని మీద నా సంతకమూ ఉంది.

నిచ్చెనా తాడే ఆయన్ని చంపాయని ఎవరూ రూఢిగా చెప్పలేరు. మనిషి మునిగిపోతుంటే, ఊపిరి ఆగిపోతుంటే ఎలా వీలైతే అలా లాగాల్సిందే. కానీ ఆ ఉదయం సముద్రం నెమ్మదిగానే ఉంది. లైఫ్ జాకెట్లు అందించాం. బోటు దించే వ్యవధి ఉంది. తొందరపడింది నేను.

ఇప్పుడు డ్రిల్లులో బొమ్మను చంకల కింద ఒక పట్టీ, మోకాళ్ల కింద ఇంకో పట్టీ వేసి, పడుకోబెట్టినట్టే ఎత్తిస్తాను. మనిషి కంటపడగానే డాక్టర్ని రేడియోలోకి పిలుస్తాను.

సెలవుల్లో విశాఖ ఫిషింగ్ హార్బరుకు వెళ్లి బోటు వాళ్లతో కూర్చుంటాను. వాళ్ల బోటు అంచు నీటికి దగ్గర కాబట్టి మనిషిని వలలోకి దొర్లించి, అడ్డంగా ఎత్తుకోవచ్చు. మనవైపు పొట్ట నొక్కి నీళ్లు కక్కించే అలవాటుంది. అది వద్దని బతిమాలతాను. ఊపిరి లేకపోతే ముందు ఐదుసార్లు నోట్లో ఊదాలి. ఆ తర్వాత ఛాతీ మీద 30 నొక్కులకు 2 ఊపిర్లు. ఊపిరి ఉంటే తడిబట్టలు మెల్లగా తీసి దుప్పటి చుట్టాలి. కాళ్లూ చేతులూ రుద్దకూడదు, సారా పట్టకూడదు. కోస్ట్ గార్డుకు వీహెచ్ఎఫ్ 16వ ఛానెల్లోగానీ, ఫోను అందితే 1554కి గానీ వెంటనే చెప్పాలి.

"మా బోటులో పడుకోబెట్టే జాగా ఏదీ బాబూ?" అన్నాడు బోటు నడిపే తండేలు ఒకడు. వలల కుప్ప మీద వెల్లకిలా పడుకోబెట్టమన్నాను. తనకేం కాలేదని ఆ మనిషి ఎంత చెప్పినా, ఒడ్డు చేరేదాకా ఒంటేలుకు కూడా లేవనివ్వొద్దన్నాను.