తగినంత తేనె

సామెతల గ్రంథము 24వ అధ్యాయము 13వ వచనములో తండ్రి కుమారునితో తేనె మంచిది, దానిని తినుమని చెప్పుచున్నాడు. 25వ అధ్యాయము 16వ వచనమునకు వచ్చునప్పటికి, దొరికినది గదా యని మితిమీరి తిన్నవాని కడుపు దానిని నిలుపుకొనదని హెచ్చరిక కనబడును. తీపినిచ్చినవాడు దేవుడే, దానికి కొలత పెట్టినవాడును ఆయనే. అయితే మన ఇండ్లలో ఈ రెండు మాటలలో ఏదో యొకదానినే పట్టుకొనుట వాడుక. కొందరు దేవుడిచ్చినది గదా యని తినుచునే యుందురు. కొందరు వైద్యుడు చెప్పిన నాడే సమస్తమును విడిచి, పది దినములు ఉపవాసమువలె గడిపి, పదకొండవ దినమున మిఠాయి పొట్లముతో ఒంటరిగా కూర్చుందురు.

భారత వైద్య పరిశోధన మండలివారి పూనికతో జరిగిన పెద్ద పరిశీలనయొకటి 2023లో ప్రకటింపబడినది. మన దేశములో మధుమేహము గలవారు 10 కోట్లకు మించియున్నారనియు, ఆ వ్యాధి అంచున నిలిచినవారు మరి 13 కోట్లకు పైబడియున్నారనియు అందు తేలినది. ఆ లెక్కలో మా ఇంటివారొకరు ఉన్నారు. మా వారు బడిలో తెలుగు చెప్పి, విశ్రాంతి పొందినది మొదలు ఆదివారపు ఆరాధనలో లేఖన పాఠములు చదువుచున్నారు. రెండేండ్ల క్రిందట కంటి వైద్యుడు పరీక్షచేసి, "మాస్టారూ, కంటి లోపలి పొరలో సన్నని నెత్తుటి చుక్కలున్నవి. ఒంటిలో చక్కెరను అదుపులో పెట్టుకొన్నయెడల చూపును నిలుపుకొనవచ్చును. లేనియెడల నేను మాట ఇవ్వలేను" అని చెప్పెను. బస్సులో తిరిగి వచ్చుచు మా వారు నన్నడిగినది ఒక్కటే: "పెద్ద అక్షరముల బైబిలు ఎంతకు వచ్చును?"

ఆ రాత్రి నేను గలతీ పత్రిక 5వ అధ్యాయము తీసితిని. ఆత్మ ఫలములలో చివర చెప్పబడినది ఆశానిగ్రహము. అది ఆశను చంపుట కాదు గదా. గుఱ్ఱమును చంపినవానిని రౌతు అని ఎవరును పిలువరు. పగ్గము పట్టి, అడుగడుగునకు నేర్పి నడిపించువాడే రౌతు. నాలుకను గూర్చి నేను తెలిసికొన్నదియు అదే. వద్దు వద్దనిన కొలది అది మారాము చేయును, నేర్పినచో నేర్చుకొనును.

మేము కాఫీతో మొదలుపెట్టితిమి. మా వారు మూడు పూటలు త్రాగుదురు, పూటకు రెండు చెంచాల పంచదార. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారము, బయటనుండి కలుపుకొను చక్కెర దినమునకు సుమారు 25 గ్రాములకు, అనగా ఆరు చెంచాలకు, లోబడియుండుట మేలు. ఆ ఆరును కాఫీలోనే అయిపోవుచుండెను! ఒక్కసారిగా మాన్పించలేదు. వారమునకు పావు చెంచా చొప్పున తగ్గించితిని. ఎనిమిది వారములకు రెండు చెంచాలును పోయినవి. మూడవ వారములో ఆయన కొంచెము ముఖము చిట్లించిరి, తరువాత మరచిపోయిరి. మొన్న ఒక పెండ్లిలో ఇచ్చిన కాఫీ ఒక గ్రుక్క త్రాగి, "ఇది పానకమా?" అని నన్నడిగిరి.

సాయంకాలము నాలుగు గంటల వేళ మాత్రము అంత సులువుగా లొంగలేదు. ఆ వేళకు ఏదైన తీయనిది నోట పడనిదే ఆయనకు తోచెడిది కాదు. ఇందుకును సామెతలలోనే దారి దొరికినది. కడుపు నిండినవానికి తేనెపట్టు సహితము రుచింపదని 27వ అధ్యాయము చెప్పుచున్నది. చూడగా, మధ్యాహ్నము మా పళ్ళెములో తెల్లని అన్నము కొండంత, పప్పు గోరంత. చారు, ఊరగాయలతో భోజనము ముగించిన కడుపు నాలుగింటికి గోల చేయక ఏమి చేయును? అన్నము సగము చేసి, పప్పు, ఆకుకూర, పెరుగు పెంచితిమి. నాలుగింటి గోల చాలవరకు తగ్గెను. రాత్రి నిద్ర చాలని మరునాడు మాత్రము అది మరల వచ్చును. దుఃఖ సమాచారము విన్న దినమునను వచ్చును. ఆ ఆకలి కడుపుది కాదు. అట్టి సమయమున ప్రార్థింపుమని మాత్రమే చెప్పువారున్నారు. ప్రార్థింతుము. కాని మోకాళ్ళమీదనుండి లేచిన మనుష్యుని ఎదుట లడ్డూల డబ్బా ఉండరాదు. మా ఇంట ఆ డబ్బాలో ఇప్పుడు వేయించిన వేరుశనగ గింజలున్నవి.

ఇక మారు తీపుల సంగతి. ఇందులో మనము మనలనే మోసపుచ్చుకొనుట ఎక్కువ. "అది పంచదార కాదమ్మా, అనకాపల్లి బెల్లము" అని పొరుగువారు ఎంతో ప్రేమతో తెచ్చి పెట్టుదురు. బెల్లములో అధిక భాగము పంచదారలోనున్న చక్కెరయే. తాటి బెల్లమును అట్టిదే. తేనెలో నూటికి సుమారు 80 పాళ్ళు చక్కెరలే. రక్తమునకు వీటి ఊరు పేర్లు తెలియవు. పండ్ల రసమును వడగట్టినచో పీచు పోయి తీపి మిగులును. చక్కెర లేని తీపి బిళ్ళలను బరువు తగ్గుటకై నమ్ముకొనవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పినది. ఆ మాట ఇదివరకే మధుమేహమున్నవారిని ఉద్దేశించినది కాదు, వారు తమ వైద్యుని అడిగి నడుచుకొనవలెను. మేము మాత్రము వాటి జోలికి పోలేదు. నాలుకకు పాత పాఠమునే మరల చెప్పించినట్లగునని నా అభిప్రాయము.

మాకు కుదిరినవి ఇవి: దోరజామకాయ, వేసవిలో లేత తాటిముంజెలు, పచ్చికొబ్బరి ముక్క, ఎప్పుడైన నాలుగు వేరుశనగ గింజలతో కలిపి ఒక్క ఖర్జూరపు పండు. పండును నమలి తిన్నప్పుడు అందలి పీచువలన చక్కెర రక్తములోనికి మెల్లగా చేరును. పాలలో యాలకుల పొడి వేసినచో పంచదార లేకున్నను తీపి ఉన్నట్లే తోచును. వాసనకే అంత శక్తి యున్నది. బంగినపల్లి కాలములో రెండు ముక్కలు, అదియు అన్నము మానిన పూటనే.

ఇంతవరకు చదివి పంచదారను శత్రువుగా ఎంచవద్దు. ఇన్సులినుగాని, కొన్ని రకముల మాత్రలుగాని వాడువారికి ఒక్కొక్కప్పుడు చక్కెర మరీ పడిపోయి చెమట, వణుకు, మసక కలుగును. అప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి త్రాగించి, పదునైదు నిమిషములకు మరల పరీక్షింపవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. సౌలు రాజు పెట్టించిన ఒట్టు ఎరుగని యోనాతాను, సొమ్మసిల్లిన వేళ కఱ్ఱ కొనతో కొంచెము తేనె అందుకొని నోట పెట్టుకొనగానే అతని కన్నులు తేటపడెనని సమూయేలు మొదటి గ్రంథము 14వ అధ్యాయములో ఉన్నది. శుభ శుక్రవారమున మందు వేసికొని ఏమియు తినక గుడికి వచ్చు పెద్దలు ఆ అధ్యాయమును, తమ వైద్యుని మాటను, రెండింటిని తలచుకొనుట మంచిది. మా వారి జేబులో ఎప్పుడును చిన్న పంచదార పొట్లము ఉండును.

పంచదార మానుట నేడు ఆరోగ్యపు మాట. ఒకప్పుడది మనస్సాక్షి మాటయై యుండెను. 1814లో శ్రీరామపురమున తెలుగు వ్యాకరణము ప్రకటించిన విలియం కేరీగారు, ఇండియాకు రాకమునుపు 1792లో వ్రాసిన చిన్న పుస్తకములో దీనిని ప్రస్తావించిరి. వెస్టిండీసు దీవులలో బానిసలచే పండించిన పంచదారను ఇంగ్లాండులో అనేకులు అప్పుడు విడిచిరి. విడిచి, దాని స్థానమున మరియొకటి కొనని కుటుంబములకు వారమునకు ఆరు పెన్నీలు మొదలు ఒక షిల్లింగు వరకు మిగులుచున్నదనియు, అందు కొంత సువార్తకిచ్చినను చాలుననియు ఆయన లెక్కవేసిరి. బానిసత్వము రద్దయిన తరువాత చెరకు తోటలకు కూలీలుగా పోయినవారిలో మన తెలుగువారును ఉన్నారు. 1903లో జాన్ రంగయ్యగారు నెల్లూరు నుండి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మిషనరీగా వెళ్లినది, అక్కడి తోటలలో పాటుపడిన అట్టి తెలుగువారి కొరకే.

కేరీగారి లెక్కను నేనును వేసి చూచితిని. దినమునకు ఆరు చెంచాలనగా నెలకు ముప్పాతిక కిలో. దాని వెల స్వల్పమే. మిఠాయి కొట్టుకు పోవుచుండిన రూకలు చేర్చినప్పుడు మాత్రము లెక్క బరువెక్కినది. అవి ఇప్పుడొక హార్లిక్సు సీసాలో పడుచున్నవి. మా సంఘములోనే ఇన్సులిను కొనుక్కొనలేని ముసలమ్మ యొకామె యున్నది. నెలాఖరున సీసా ఖాళీయగును.

క్రిస్మసు వచ్చుచున్నది. కిందటి యేడు మా ఆడపడుచు కన్నీళ్ళ పర్యంతమై, "వదినా, పండుగనాడు అన్నయ్యకు ఒక్క అరిసెయైన పెట్టవా?" అని అడిగినది. ఆమె ప్రేమను కాదనుట ఎట్లు? ఈ యేడును అరిసెలు వండుదుము. ఒక్కొక్క అరిసెను నాలుగు ముక్కలు చేసి, జామకాయ ముక్కలతో పళ్ళెములో పెట్టుదుము. భోజనమైన పిమ్మట మా వారికి ఒక ముక్క. ఆ అరిసెలో మిగిలిన మూడు ముక్కలకై మా మనుమలు ఇప్పటినుండియే వాదులాడుకొనుచున్నారు.