పొట్టేలుకు వంద మీటర్లు... ప్లాటుకు అరవై అడుగులు!

సికింద్రాబాద్ దాటి ఉత్తరానికి వెళ్లడానికి రెండు దారులు. కొంపల్లి మీదుగా మేడ్చల్‌కు పోయే నాగపూర్ రోడ్డు ఒకటి. ఒకప్పుడు ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44. అల్వాల్, హకీంపేట, తూంకుంటల మీదుగా శామీర్‌పేటకు పోయే రాజీవ్ రహదారి రెండోది. రెండింటినీ కలుపుతూ అవుటర్ రింగు రోడ్డు. ఆరో నంబరు ఎగ్జిట్ మేడ్చల్, ఏడోది శామీర్‌పేట.

ఈ మధ్య భూమంతా ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరు. పందిళ్ల నడుమ నల్లటి గుండ్లు, గుండ్ల మధ్య చెరువులు. ఇప్పుడు పందిళ్ల చోట చాలావరకు హద్దురాళ్లు, వెంచర్ల బోర్డులు. రైతు ఈ నేలను ఎకరాల్లో చూశాడు. రియల్టరు గజాల్లో చూస్తున్నాడు. ఈ ఆదివారం మనం ఇంకో కొలతతో చూద్దాం. 40, 60, 77, 100 మీటర్లు! అవేం లెక్కలంటారా? ఓ తుపాకి ఆటలో కోడి, అడవిపంది, టర్కీకోడి, పొట్టేలు నిలబడే దూరాలు.

ఇనుప మంద

కంగారు పడకండి. అవన్నీ ఇనుప రేకు బొమ్మలు. ఆట పేరు సిల్హౌట్ షూటింగ్. పుట్టిల్లు మెక్సికో. అక్కడ తొలిరోజుల్లో నిజం జంతువులనే దూరంగా కట్టేసి పందేలు కాసేవారట. ప్రాణం తీసే ఆట ఎందుకనుకున్నారో, లెక్క తేలడం లేదనుకున్నారో గానీ, 1948లో ఇనుప బొమ్మలు వచ్చాయని చెబుతారు. తర్వాత సరిహద్దు దాటి అమెరికా చేరి, నియమాలున్న క్రీడ అయింది.

చిన్న తూటాల పోటీలో బొమ్మలు అసలు సైజులో ఐదో వంతే ఉంటాయి. నలభై మీటర్ల దగ్గర కోడి, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. వంద మీటర్ల దగ్గర పొట్టేలు, జానెడు లోపే. ఒక్కో వరుసలో ఐదేసి. ఎడమ నుంచి కుడికి, ఒక్కో బొమ్మకు ఒక్కటే గుండు. ఐదింటికీ కలిపి రెండున్నర నిమిషాలు. మోచేయి ఆనించడానికి బల్ల ఉండదు, పడుకుని కాల్చడం ఉండదు. నిలబడే కొట్టాలి. ఇంకో మెలిక కూడా ఉంది. గుండు తగిలితే చాలదు, బొమ్మ పీట మీంచి పడిపోవాలి. ఠంగుమని మోగి నిలబడితే సున్నాయే!

శామీర్‌పేటలో ఈ ఆట గురించి చెప్పుకోవడంలో ఓ అందం ఉంది. చెరువుకు దగ్గర్లోనే జవహర్ జింకల పార్కు. కృష్ణజింకలు గడ్డి మేస్తుంటే పిల్లలు కంచె పట్టుకుని చూస్తుంటారు. నిజాముల కాలంలో హైదరాబాద్ సంస్థానంలో వేట దొరల వినోదం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పులుల వేటకు, గురికి పేరు మోసినవాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ వినోదానికి తెర పడింది. గురి చూసే సరదా మాత్రం మనిషిని వదల్లేదు. ఆ సరదాను ప్రాణం లేని ఇనుము మీదికి మళ్లించిందే ఈ ఆట.

కౌబాయ్ చేతిలోది

ఈ ఆటలో ఓ ముచ్చటైన విభాగం ఉంది. అందులో ముఖ్యంగా వాడేది లీవర్ రైఫిళ్లు. తెలుగువాళ్లకు లీవర్ రైఫిల్‌ను పరిచయం చేయక్కర్లేదు. 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’తో మొదలుపెట్టి, 1990లో చిరంజీవి ‘కొదమసింహం’, 2002లో మహేశ్‌బాబు ‘టక్కరిదొంగ’ దాకా మనకూ కౌబాయ్‌లు ఉన్నారు. హాలీవుడ్ కౌబాయ్ గుర్రం మీంచి తుపాకి తీసి, ట్రిగ్గర్ కింది కొక్కేన్ని కిందికీ పైకీ ఆడించి ‘క్లిక్ క్లిక్’మనిపిస్తాడే... అదే లీవర్. కిందికి నొక్కితే కాలిన తూటా డొల్ల ఎగిరిపడుతుంది. పైకి లాగితే గొట్టం కింది గొట్టంలోంచి కొత్త తూటా వచ్చి కూర్చుంటుంది.

మరి రిమ్‌ఫైర్ అంటే? తూటా అడుగున అంచు ఉంటుంది కదా, మందు రగిలించే రసాయనం ఆ అంచు లోపలే ఉంటుంది. సూది అంచు మీద కొడితే నిప్పు పుడుతుంది. పాయింట్ టూటూ లాంగ్ రైఫిల్ తూటా ఈ రకమే. 1887 నుంచీ వాడుకలో ఉంది. రెండున్నర గ్రాముల సీసపు గుండు, భుజానికి దెబ్బ తెలియదు, మోత తక్కువ. ఒలింపిక్స్‌లో యాభై మీటర్ల రైఫిల్ పోటీకి వాడేదీ ఇదే తూటా. సిల్హౌట్‌కు మాత్రం ఒలింపిక్స్‌లో చోటు లేదు.

చీర ఎంపిక కాదు, చెప్పుల ఎంపిక!

అమెరికాలో ఈ ఆట ఆడేవాళ్లు ఎక్కువగా నాలుగు పేర్ల చుట్టూ తిరుగుతారు. మార్లిన్ 39ఎ పాత కాపు. దాని వంశవృక్షం 1891 నాటి మోడల్ దాకా పోతుంది. బరువు మూడు కిలోల దగ్గర. హెన్రీ తేలిక, రెండున్నర కిలోల లోపే. బ్రౌనింగ్ బీఎల్-22 ఇంకాస్త తేలిక, జపాన్‌లో తయారవుతుంది. దాని లీవర్ 33 డిగ్రీలు కదిలితే చాలు, తుపాకి భుజం మీంచి దించకుండానే తూటా మార్చుకోవచ్చు. నాలుగోది వించెస్టర్ 9422. దాని తయారీ 2005లో ఆగిపోయింది, సెకండ్ హ్యాండ్‌లోనే వెతుక్కోవాలి.

ఏది మంచిదని అడిగితే అనుభవజ్ఞులు బ్రాండు చెప్పరు, మనిషిని చూస్తారు. చీర నచ్చితే కొనేయొచ్చు, చెప్పులు కాలికి సరిపోవాలి కదా. రైఫిల్ కూడా అంతే. మడమ భుజానికి ఆనించి తల వంచితే కన్ను తిన్నగా గురి మీదికి రావాలి. మెడ సాగదీయాల్సి వస్తే మడమ పొడవు ఎక్కువన్నమాట. బరువు ఎక్కువైతే ముక్కు నిలకడగా ఉంటుంది, కానీ నలభై గుండ్లు పూర్తయ్యేసరికి సన్నటి చేతులు వణుకుతాయి. తేలికైతే అలుపు రాదు, గుండె కొట్టుకున్నా ముక్కు ఊగుతుంది. ట్రిగ్గర్ ఎక్కడ తెగుతుందో వేలికి ముందే తెలియాలి.

గురి చూసే అమరికదీ పెద్ద పాత్రే. కోడికి సరిపెట్టిన గురితోనే పొట్టేలును కొడితే గుండు దాదాపు అడుగు కిందికి పోతుంది. దూరం మారినప్పుడల్లా గురి ఎత్తును మార్చి, మళ్లీ ఖచ్చితంగా మొదటి చోటికి తెచ్చుకోగలగాలి. చివరిగా తూటాలు. ఒకే రైఫిల్‌కు ఓ కంపెనీ తూటా నచ్చుతుంది, ఇంకోటి నచ్చదు. నాలుగు రకాలు తెచ్చి కాగితం మీద కాల్చి చూస్తే గానీ తెలియదు.

ఇక్కడ దొరుకుతుందా?

అసలు చిక్కు ఇక్కడే. విదేశీ తుపాకుల దిగుమతికి మామూలు పౌరులకు దశాబ్దాలుగా తలుపులు మూసే ఉన్నాయి. గుర్తింపు పొందిన క్రీడాకారులకే ఆ వెసులుబాటు. మన ఆయుధ కర్మాగారాల పాయింట్ టూటూ స్పోర్టింగ్ రైఫిల్ ఉంది గానీ, అది లీవర్ కాదు, బోల్ట్ రకం. పాత లైసెన్సుల మీద చేతులు మారే తుపాకుల్లో లీవర్ రైఫిల్ కనిపిస్తే అదృష్టమే.

ఏ రకమైనా తూటా తుపాకికి లైసెన్సు తప్పదు. 21 ఏళ్లు నిండనివారికి లైసెన్సు రాదు. 12 ఏళ్లు నిండిన పిల్లలు క్రీడగా నేర్చుకోవడానికి మాత్రం, పెద్దల పర్యవేక్షణలో, నిబంధనల మేరకు వీలుంది. 2019 సవరణతో ఒక్కొక్కరికి రెండు తుపాకులే అన్న పరిమితి వచ్చింది. క్రీడాకారులకు వేరే లెక్క. పెళ్లి ఊరేగింపులో సంబరంగా గాల్లోకి కాల్చినా రెండేళ్ల దాకా జైలు ఉండొచ్చని చెప్పిందీ ఆ సవరణే.

ఇంట్లో పిల్లాడికి సరదా పుడితే మరి? దానికి తొలి మెట్టు ఎయిర్ రైఫిల్. కీసరగుట్ట జాతరలోనో, నాంపల్లి నుమాయిష్‌లోనో బుడగలు పగలగొట్టే తుపాకికి అన్నయ్య వరుస. 2016 ఆయుధ నియమాల ప్రకారం పాయింట్ 177 గొట్టంతో, 20 జౌళ్ల శక్తి దాటనివాటికి లైసెన్సు అక్కర్లేదు. సిల్హౌట్‌లో ఎయిర్ రైఫిల్‌కూ ఓ విభాగం ఉంది. బొమ్మలు పదో వంతు సైజు. దూరాలు 20, 30, 36, 45 గజాలు.

గజాల్లో మంద

గజాలు అనగానే చెవులు నిక్కబొడుచుకున్నాయా? మన వెంచర్ల భాష అదే కదా! ఇప్పుడు మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా కనిపించే ప్లాట్ల మీద మందను నిలబెట్టి చూద్దాం. కాల్చడానికి కాదు, లెక్కకు మాత్రమే.

రెండొందల గజాల ప్లాటు అంటే ముప్ఫై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు. అరవై అడుగులంటే ఇరవై గజాలు. అంటే ఎయిర్ రైఫిల్ కోడి సరిగ్గా వెనక గోడ మీద కూర్చుంటుంది. పంది పక్కింట్లో పడుతుంది. పాయింట్ టూటూ కోడికి వెనకాల ఇంకో ప్లాటు కలిపినా నాలుగు గజాలు తక్కువే.

ఎకరం ఉందనుకోండి. చదరంగా ఉంటే ఒక్కో వైపు 64 మీటర్లు. కోడి, పంది సరే. టర్కీ హద్దు దాటుతుంది. పొట్టేలు నిలబడాలంటే ఒక్కో వైపు వంద మీటర్ల చదరం, అంటే రెండున్నర ఎకరాలు కావాలి. అదీ బొమ్మ దాకా మాత్రమే.

బొమ్మకు తగలని గుండు సంగతో? పాయింట్ టూటూ చిన్నదని చులకన చేస్తాం గానీ, పైకెత్తి కాలిస్తే ఆ గుండు కిలోమీటరున్నర దాటి పోగలదు. శామీర్‌పేట చుట్టూ ఎటు చూసినా ఏముంది? నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, అంతాయిపల్లిలో కలెక్టరేట్, జీనోమ్ వ్యాలీ వైపు కంపెనీ బస్సులు, హకీంపేటలో క్రీడా పాఠశాల, వాయుసేన స్థావరం. మేడ్చల్ వైపు రైలు పట్టాలు, గోదాములు, అపార్ట్‌మెంట్లు. ఖాళీగా కనిపించే నేల కూడా ఖాళీ కాదు. గట్టు మీద ఓ గొర్రెల కాపరి, పునాది గుంటలో ఓ కూలీ కుటుంబం ఎప్పుడూ ఉంటారు.

రాయి వద్దు, నీరు వద్దు

గుండును ఆపడానికి ఇక్కడ ఇన్ని కొండరాళ్లున్నాయి కదా అనిపిస్తుంది. ప్రమాదమే అక్కడుంది. గ్రానైట్‌కు తగిలిన సీసం ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. చెరువు నీళ్ల మీదికి వాలుగా పోయిన గుండు, పిల్లలు విసిరిన పెంకు కప్పగంతులు వేసినట్టు, లేచి అవతలి ఒడ్డుకు పోతుంది. ఈ ప్రాంతానికి అందం తెచ్చిన రాయీ, నీరూ రెండూ తుపాకికి పనికిరావు.

పనికొచ్చేది మట్టి. రాళ్లు ఏరేసిన మెత్తటి మట్టితో, మనిషి కన్నా బాగా ఎత్తుగా పోసిన కట్ట. దాని నమూనా కూడా ఇక్కడే కళ్లముందుంది. శామీర్‌పేట చెరువుకు కట్ట లేకపోతే ఏమవుతుందో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. షూటింగ్ రేంజికీ అంతే. గొట్టం దాటిన గుండు గండి పడిన నీరు లాంటిది. వెనక్కి పిలవలేం. అందుకే ఏ రైఫిల్ కొనాలన్న ప్రశ్న రెండోది. ఎక్కడ కాలుస్తాం, వెనక కట్ట ఉందా అన్నది మొదటిది. సొంత పొలం ఉంది కదా, ఫామ్‌హౌస్ ఉంది కదా అనుకుంటే జవాబు దొరికినట్టు కాదు.

మన నగరంలో ఆ జవాబు గచ్చిబౌలి వైపు ఉంది. 2002 జాతీయ క్రీడలకు సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర షూటింగ్ రేంజ్ కట్టారు. శామీర్‌పేట నుంచి అవుటర్ మీదుగా చాలా దూరమే. వారానికి రెండుసార్లు పిల్లాణ్ని తీసుకెళ్లి తీసుకురావడానికి ఓ తండ్రికి ఓపిక కావాలి, ఓ తల్లికి సమయం కావాలి. రైఫిల్ ఖర్చు లెక్కలో ఎవరూ వేయని ఖర్చు ఇది. అయినా హైదరాబాద్ గురి తప్పలేదు. పదమూడేళ్లకే, 2018లో, పిస్టల్‌లో జాతీయ చాంపియన్ అయిన ఈషాసింగ్ ఈ నగరం పిల్లే.

ఆమె కన్నా ముందు గగన్ నారంగ్. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. తల్లిదండ్రులు ఉన్న స్థలం అమ్మేసి కొడుక్కి రైఫిల్ కొన్నారనీ, ఏళ్ల తరబడి అద్దె ఇంట్లోనే ఉన్నారనీ అప్పట్లో పత్రికలు రాశాయి. ఓ కుటుంబం గజాలను గురిగా మార్చుకున్న కథ అది.

మేడ్చల్, శామీర్‌పేటల్లో ఇప్పుడు కథ తిరగబడింది. స్థలం అమ్మితే మంచి రైఫిళ్లు నాలుగైనా వస్తాయి. కానీ నాలుగు రైఫిళ్లు అమ్మినా, పొట్టేలు నిలబడేంత నేల, దాని వెనక ఓ మట్టికట్ట రావు. పిల్లల కోసం ఇక్కడో రేంజ్ కావాలనుకుంటే, ఆ రెండున్నర ఎకరాలు ఇంకా ప్లాట్లుగా విడిపోకముందే అడగాలి.